పినాకినీ తీరపురము – రేనాటి సీమావిభాగములు



మహాసభా సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసము నొకదానిని వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు కోరినప్పుడు, నేను బడిలో నున్ననాటి ప్రశ్న యొకటి జ్ఞప్తికి వచ్చినది. తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, “అయ్యవారూ! మన ప్రొద్దుటూరు జమ్మలమడుగు కంటె ఎంతయో పెద్దది గదా! మఱి డివిజను కచేరి అక్కడ నేల యున్నది? పెద్ద ఊరు చిన్న ఊరి క్రింద నుండుటెట్లు?” అని యడిగెను. పూర్వము దొరలట్లు పెట్టినారని చెప్పి నేను పాఠమును ముందునకు నడిపితిని. అట్లు తప్పించుకొంటినే గాని యుత్తర మీయలేదు. ఉద్యోగవిరమణానంతరము తీఱిక చిక్కినది గావున, ఆ బాలునకు బాకీపడిన యుత్తరమును ఈ సంచిక ద్వారమున చెల్లించుచున్నాను. ఇందు మనకుటుంబముల లాభనష్టములకు సంబంధించిన విషయమును కొంత కలదు. దానిని తుదిని విన్నవింతును.

పేరులు, నది

ప్రొద్దుటూరు పెన్నాతీరమున వెలసిన పురము. శ్రీరామచంద్రుడు లంకనుండి మరలివచ్చుచు ఈ చోటికి చేరునప్పటికి ప్రొద్దు పొడిచెననియు, అచ్చట లింగప్రతిష్ఠ చేసెననియు స్థలపురాణము. పట్టణమునంటియున్న రామేశ్వరమున ముక్తిరామలింగేశ్వరుని కోవెల దానికి సాక్షిగా చూపబడుచున్నది. ఊరికి బ్రధ్నపురి యని సంస్కృతనామము కూడ కలదు. అమరకోశమున సూర్యుని పేరులలో బ్రధ్నశబ్దము పఠింపబడినది. ప్రొద్దనగా సూర్యుడే గనుక, తెనుగు పేరు ముందు పుట్టి, పండితు లెవ్వరో దానిని దేవభాషలోనికి మార్చిరని నాకు తోచుచున్నది.

జమ్మలమడుగు నందు మడుగును, జమ్మును చెవికి స్పష్టముగా వినబడుచునే యున్నవి. నీరు నిలిచి జమ్ము మొలిచిన చోటని యర్థము. పులివెందుల పులిమండల మను మాటనుండి పుట్టెనని జనశ్రుతి. అది పెన్నకు దూరముగా దక్షిణమున నున్నను, ఆ ప్రాంతపు పాపఘ్ని పెన్నలోనే కలియుచున్నది. పశ్చిమమునుండి చిత్రావతియు, ఉత్తరమునుండి కుందూనదియు వచ్చి పెన్ననే చేరుచున్నవి. కావున నీటిని బట్టి చూచినచో ఈ సీమ యంతయు నొక్కటియే. దీనిని పెక్కు తెఱగుల పంచినవారు మనుష్యులు.

మొదటి విభాగము – రేనాడు

ఈ పంపకము క్రొత్తది గాదు. ఎఱ్ఱగుంట్లకు సమీపమున నున్న కలమళ్ళ గ్రామమున, చెన్నకేశవాలయ ప్రాంగణములో దొరకిన శిలాశాసనము మనవా రందఱును వినియున్నదే. క్రీ. శ. 575 ప్రాంతమునకు చెందిన దని పండితులు నిర్ణయించిన ఈ శాసనము, తెనుగుభాషలో ఇంతవఱకు దొరకినవానిలో అతిప్రాచీన మని ప్రసిద్ధి. ధనంజయు డను బిరుదముగల యెరికల్ ముత్తురాజు రేనాటిని ఏలుచుండినప్పటి శాసనమది. చదువరులు ఒక్క క్షణము దీనిని భావింపుడు. మనభాషలో మిగిలిన తొలిపలుకులలో ఒక సీమపేరును, దానిని ఏలువాని పేరును కలవు. తెనుగు వ్రాత మనకు పరిపాలనావిభాగముతో కూడియే లభించినది!

రేనాటిచోళు లేలిన ఆ భూమికి రేనాడు ఏడువేలని వ్యవహారము. మన మూడు పట్టణముల సీమలును, కోవెలకుంట్ల వైపు భూములును అందు చేరియుండెను. కోవెలకుంట్ల తాలూకా 1858లో కర్నూలుజిల్లా యేర్పడినప్పుడు కడపజిల్లానుండి అటు చేరిపోయినది. అయినను నేటికి ఆవలివారును ఈవలివారును తాము రేనాటివారమనియే చెప్పుకొందురు. రాజ్యము పోయి వేయేండ్లు దాటినను పేరు చావలేదు. సర్కారు గీచిన గీత మారవచ్చును. జనుల నోట నిలిచిన సీమ మారదు.

గండికోట సీమ

విజయనగరరాజుల కాలమున ఈ ప్రాంతమునకు గండికోట ముఖ్యస్థానము. పెన్న ఎఱ్ఱమలకొండలను చీల్చుకొని పాఱు గండిపై, జమ్మలమడుగునకు కొలది క్రోసుల దూరమున నిలిచిన ఆ దుర్గమును పెమ్మసానివారు ఏలిరి. శాసనములలో గండికోట సీమ యని పేర్కొనబడిన విభాగమునకు ఆ దుర్గమే తల. 1652 నాటికి అది గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. ఆ యేటనే ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే అచ్చటికి వచ్చి అతనిని చూచి, ఆ వృత్తాంతమును తన యాత్రాగ్రంథమున వ్రాసెను.

పిదప కడపనవాబులును, హైదరాలియు, అతని కుమారుడు టిప్పూసుల్తానును క్రమముగా ఏలికలైరి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచే నైజాముపాలైన ఈ భూమి, 1800లో కుంఫిణీవారికి ఈయబడినది. దత్తమండలములను పేరు అందువలననే వచ్చినది. రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారి నోట వెలువడినది.

కుంఫిణీవారి ప్రథమ ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. అతడు వచ్చునప్పటికి ఎనుబదిమంది వఱకు పాళెగాండ్రు ఈ మండలములలో నెవరి కోటలో వారు రాజులై యుండిరి. అతడు వారిని అణచి, భూమిని కొలిపించి, రైతుతో నేరుగా పన్ను నిర్ణయించు రైతువారీ పద్ధతిని పాదుకొలిపెను. 1807లో అతడు వెడలిన పిమ్మట, 1808లో దత్తమండలములు బళ్లారి, కడప యను రెండు జిల్లాలుగా విడిపోయినవి. నేటి కడపజిల్లాకు అది జన్మసంవత్సరము. ఆ జిల్లాయైనను ఒక్కతీరున నిలువలేదు. 1858లో కోవెలకుంట్ల, కంభము, మార్కాపురము పోయినవి. 1910లో కదిరి అనంతపురమునకు చేరినది. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడగా మదనపల్లె, వాయల్పాడు అందు కలిసినవి.

డివిజను కచేరి జమ్మలమడుగున నేల?

ఇపుడు బాలుని ప్రశ్నకు వత్తము. ఆంగ్లేయుల పాలనలో భూమిశిస్తు వసూలుకు మెట్లు కట్టబడినవి. గ్రామమున రెడ్డియు కరణమును. కొన్ని గ్రామములకు ఫిర్కా. కొన్ని ఫిర్కాలకు తాలూకా, దానికి తహసీలుదారు. కొన్ని తాలూకాలకు డివిజను. అన్నిటిపై జిల్లా, దానికి కలెక్టరు. తహసీలుదారు తీర్పుపై అప్పీలు వినుటయు, తాలూకాల జమాబంది జరుపుటయు, శాంతిభద్రతల విషయమున మేజిస్ట్రేటు అధికారము నడపుటయు డివిజను అధికారి పని. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున జమ్మలమడుగు డివిజనులో మూడు తాలూకా లుండెను: జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల. మన మూడు పట్టణముల పేరులు నేటికిని ఒక్క ఊపిరిలో పలుకబడుటకు ఇదియే మూలము.

1901 నాటి జనాభా లెక్కలలో జమ్మలమడుగును ప్రొద్దుటూరును ఇంచుమించు సరిసమానము. ఒక్కొక్కటి పదునాలుగువేల ప్రాంతము. రెండును ప్రత్తివర్తకమునకు పేరుపడినవే. కాగా నాడు చిన్న ఊరు, పెద్ద ఊరు అను ప్రశ్నయే లేదు. గండికోట చెంతనున్న స్థలమగుటచే జమ్మలమడుగునకు పాత యధికారపు గౌరవము కొంత దక్కెనని నా యూహ. ఒకమాఱు కచేరి కట్టిన చోట బస కట్టుదురు, దప్తరము పెట్టుదురు, వకీళ్లు చేరుదురు. పిదప దానిని కదల్చుట కష్టము. ఊరు పెరుగుటకును కచేరి కదలుటకును సంబంధము లేదు. ప్రొద్దుటూరు ప్రత్తిచేతను, పిమ్మట బంగారపు వర్తకముచేతను పెరిగి, 2011 నాటికి లక్షన్నర దాటిన పట్టణమైనను, 2022 నాటి జిల్లాల పునర్విభజనలో సైతము జమ్మలమడుగు డివిజనులోనే నిలిచినది. ఇటీవల పులివెందుల మాత్రము తానే యొక డివిజనునకు ముఖ్యస్థానమైనది.

కావున, నాయనా! పెద్ద ఊరు చిన్న ఊరి క్రింద లేదు. శిస్తు పద్దులు మాత్రమే అట నున్నవి. ఊరు తన్ను తాను ఏలుకొనుటకు వేఱొక పీఠ మున్నది. దాని కథ వినుము.

పురపాలనము

డివిజను, తాలూకా యనునవి మీదినుండి దిగివచ్చిన యధికారములు. రాజు మొదట నుండును. తన పని తేలిక యగుటకై భూమిని పంచును. పురపాలక సంఘము పుట్టుక దీనికి విపర్యస్తము. వీథి దీపము, మురుగుకాలువ, త్రాగునీరు, సంత, జననమరణముల లెక్క – వీనిని ఊరివారు తమ పన్నుతో తామే చూచుకొనవలెనను భావముతో అది యేర్పడినది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానమును, దాని ననుసరించి 1884లో చెన్నరాజధానిలో వెలువడిన జిల్లా మునిసిపాలిటీల చట్టమును దీనికి పునాదులు. కడపపట్టణమున అంతకుముందే, 1868లో, పురపాలక సంఘ మేర్పడియుండెను. ప్రొద్దుటూరునకు ఆ యోగ్యత 1915లో లభించినది. జమ్మలమడుగు, పులివెందులలు పంచాయతీలుగానే చిరకాలముండి, ఈ యిరువదియొకటవ శతాబ్దిలో పట్టణహోదా పొందినవి. అనగా డివిజనునకు తలయైన ఊరు పురపాలనమున వెనుకబడినది; తాలూకాగా మాత్రమే నిలిచిన ఊరు ముందు నడిచినది. ఈ రెండు యధికారములు వేర్వేఱు మార్గముల నడచుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

అయితే 1915 నాటి సంఘమును మన మతిగా పొగడరాదు. ఆనాడు పన్ను చెల్లించువారికే ఓటు. సభ్యులలో కొందఱు సర్కారుచే నియమింపబడినవారు. కూలివానికిని, సామాన్యస్త్రీకిని అందు చోటు లేదు. 1920 నాటి చట్టము ద్వారము కొంత తెఱచినది. స్వాతంత్ర్యానంతరము వయోజను లందఱకును ఓటు వచ్చినది. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగసవరణముచే పురపాలక సంఘములకు రాజ్యాంగమున చోటు దొరకి, అయిదేండ్లకొకమాఱు ఎన్నికయు, స్త్రీలకు మూడవవంతునకు తక్కువ గాని స్థానములును విధింపబడినవి. అంతటి విధి యుండియు, 2014లో ఎన్నికైన సభల గడువు 2019లో తీఱిన పిమ్మట 2021 మార్చి వఱకు రాష్ట్రమున పురపాలక సంఘములకు ఎన్నికలు జరుగలేదు. ఆ నడుమ ప్రత్యేకాధికారులు పాలించిరి. ప్రజల పీఠము ఖాళీ యైనచో మీది యధికారము దానియం దాసీనమగుననుట ఈ రెండేండ్లలో మనము కన్నులార చూచితిమి. 2021 ఎన్నికలనాటికి ప్రొద్దుటూరున 41 వార్డులు.

తాలూకా పోయి మండలము వచ్చుట

నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన దినములలోనే గ్రామపాలనము తలక్రిందులైనది. 1984లో కరణము, మునసబు పదవులు రద్దైనవి. 1985లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము తాలూకాలను తీసివేసి, చిన్నచిన్న మండలముల నేర్పఱచినది. పూర్వము పులివెందుల తాలూకాలో నున్న వేంపల్లె, లింగాల, సింహాద్రిపురము వంటి స్థలములు మండలకేంద్రములైనవి. జమ్మలమడుగు వైపున మైలవరము, పెద్దముడియము, కొండాపురము, ముద్దనూరు తలలెత్తినవి; ప్రొద్దుటూరు వైపున రాజుపాలెము. ఎడ్లబండి కట్టుకొని దినమంతయు పోవలసిన కచేరి నడకదూరమునకు వచ్చినదని పల్లెవారు సంతసించిరి. నిజముగా అది గొప్పమేలు.

కాని పాతవి నశింపక క్రొత్తవి వచ్చి చేరుటచే గీతలపై గీతలు పడినవి. శాసనసభ నియోజకవర్గములు వేఱు: ప్రొద్దుటూరు నియోజకవర్గమున పట్టణముతో పాటు ప్రొద్దుటూరు మండల గ్రామములును, రాజుపాలెము మండలమును కలవు. పులివెందుల నియోజకవర్గమున ఏడు మండలము లున్నవి. వానిలో చక్రాయపేట యొకటి. పోలీసు ఠాణాల సరిహద్దులు వేఱు, రిజిస్ట్రారు కచేరీల పరిధులు వేఱు, న్యాయస్థానముల పరిధులు వేఱు. ఒకే గృహస్థుడు ఒకే గడపలో నిలిచి నాలుగైదు విభాగములలో నివసించుచున్నాడు. ఈ గీతలన్నియు ఒకదానిపై నొకటి సరిగా పడవు. ఏలయన ఒక్కొక్కటి యొక్కొక్క కాలమున, ఒక్కొక్క పనికై గీయబడినది.

నీటి దృష్టాంతము

దీనికి పెన్నయే మంచి దృష్టాంతము. సంవత్సరమున పెక్కుమాసములు పెన్న యిసుకదిన్నెయే. నీరు ఇసుక యడుగున నుండును. తీరపురములకు ఆ యడుగునీరే ప్రాణము. కుళాయిలో నీరు రానిచో మనము పురపాలక సంఘముపై కోపింతుము. అది న్యాయమే, కుళాయి వారిది. కాని యేటిలోనికి ఎగువనుండి నీరు విడువవలసిన మైలవరము జలాశయము జలవనరుల శాఖవారిది. ఇసుక గనులశాఖ లెక్కలోనిది. ఏటిగట్టు పోరంబోకు రెవిన్యూవారిది. ఇసుక మితిమీఱి తోడినచో అడుగునీరు క్రుంగును. క్రుంగినచో కుళాయి యెండును. నింద మాత్రము వార్డుసభ్యునికి. ఏ ద్వారమున మొఱపెట్టవలెనో యెఱుగని ప్రజలు ఎంత కేకలువేసినను ఫలమేమి? 2021 నవంబరులో పెన్నా పరీవాహమున వరదలు వచ్చి, చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి పల్లెలు కొట్టుకొనిపోయినప్పుడు, వరద మండలమును గాని, డివిజనును గాని అడిగి రాలేదు. గీతలు మనుష్యులకు, నీటికి గావు.

ఒక యింటి కథ

పైని మనకుటుంబముల విషయము విన్నవింతునంటిని. నాకు అత్తవరుస యగు వృద్ధురాలు ఒకామె పెన్నాతీరపు పట్టణములలో ఒకదాని పొలిమేరలో చిన్నయింట నుండెను. భర్త గతించినాడు. ఆ స్థలము మొదట పంచాయతీలోనిది. ఊరు పెరుగగా పట్టణమున కలిసినది. ఆమె ముప్పదేండ్ల యింటిపన్ను రసీదులను పసుపుగుడ్డలో మూటగట్టి దేవునిగూట భద్రపఱచినది. అవియే యింటికి హక్కుపత్రములని యామె నమ్మకము. దాయాదులు వాటా యడిగినప్పుడు ఆ మూటను పట్టుకొని బయలుదేఱినది.

ఒక కార్యాలయమున, పన్నురసీదు పన్ను కట్టినందులకే సాక్ష్యము గాని స్వామ్యమునకు గాదనిరి. రెండవచోట, మామగారి పేర వ్రాయబడిన పాత దస్తావేజు నకలు తెమ్మనిరి. అందులో తాలూకా పేరు, పాత సర్వేనంబరు తప్ప నేటి మండలము, వార్డు, ఇంటినంబరు లేవు. మూడవచోట, ఆ పాతనంబరు నేటి యే స్థలమునకు సరిపోవునో తేల్చుకొని రమ్మనిరి. ముగ్గురును అసత్యమాడలేదు. ఎవరి గీతలో వారు నిలిచి చెప్పిరి. ఆ యింటికి మూడు ముఖము లున్నవని ఆమెకు ముందుగా చెప్పినవారు లేరు. మూడేండ్లు తిరిగినది. ఆమె బ్రతికియుండగా పని కాలేదు.

నేను పండితుడ నని పేరుపొందినవాడను. బ్రధ్నశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పగలను. ఆమె మా యింటి యరుగుపై కూర్చుండి, “నాయనా! ఏ కచేరికి పోవలె?” అని యడిగిననాడు చెప్పలేకపోతిని. బాలుని ప్రశ్నయు, ఈమె ప్రశ్నయు ఒక్కటియే యని నాకు ఆలస్యముగా తెలిసినది.

మనవి

మనవారు ఈ మూడు పట్టణములలోను, చుట్టుపట్ల మండలములలోను చెదరియున్నారు. పెండ్లిండ్లకును మహాసభలకును కలిసికొందుము. కాగితముల విషయమున మాత్రము ఎవరికి వారే. కావున సంఘమువారికి నా మనవులు మూడు.

మొదటిది: ప్రతిగృహస్థుడును తన భూమి, యిల్లు వీనికి సంబంధించిన పాతపత్రములను వెలికిదీసి, వానిలోని తాలూకా, గ్రామము, సర్వేనంబరులను నేటి మండలము, వార్డు, నంబరులతో పోల్చి యొక కాగితముపై వ్రాయించి పిల్లల కీయవలెను. పెద్దలు బ్రతికియుండగానే యిది జరుగవలెను. “దాని ప్రక్కనున్న వేపచెట్టు” అని గుర్తుచెప్పగలవారు పోయినపిమ్మట ఏ కచేరియు దారి చూపలేదు.

రెండవది: మూడు పట్టణములలోను, నెలకొక దినము, విశ్రాంతోద్యోగులగు మనవారు ఒకచోట కూర్చుండి, అడుగువచ్చినవారికి ఏ పనికి ఏ కచేరియో చెప్పవలెను. దీనికి ధనమక్కఱలేదు, ఒక బల్లయు, రెండు కుర్చీలును, ఓపికయు చాలును. ప్రొద్దుటూరున ఆ బల్లవద్ద కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను.

మూడవది: పురపాలక, పంచాయతీ ఎన్నికలను చిన్నవిగా తలంపరాదు. పైయధికారములు మనయొద్దకు దిగివచ్చును. ఇది మాత్రము మనము ఎక్కవలసిన మెట్టు. మనవీథి వార్డుసభ యెన్నడో తెలియనివాడు రాజధాని రాజకీయములను చర్చించి ప్రయోజనములేదు.

ఇరువదియవ శతాబ్ది మొదట మూడు తాలూకాలు, నేడు మండలములు, రేపేమగునో! కోవెలకుంట్ల పోయినది, కదిరి పోయినది, మదనపల్లె పోయినది. ఇకముందును గీతలు మాఱుచునే యుండును. కలమళ్ళ శిలపై చెక్కబడిన రేనాడు మాత్రము మననోట నిలిచియున్నది. ఆ నేలపై మనకు గల హక్కులును, దానియెడ మనకు గల విధులును ఏ గీత మాఱినను మాఱకుండ కాపాడుకొనుట మన కర్తవ్యము. ఆ బాలుడు నేడు ఎచ్చట నున్నను ఈ సంచిక అతనికంట పడునుగాక!

సర్వే జనాస్సుఖినో భవంతు.